అగ్నిద్యోతనుడు ఎంతవరకు వెళ్లాడు?



పోతన భాగవతంలోని రుక్మిణీ కల్యాణ ఘట్టాన్ని నా ఉద్యోగకాలమంతా పిల్లలకు చెబుతూ వచ్చాను. అందులో నాకు అత్యంత ప్రీతిపాత్రమైనది రుక్మిణి పంపిన సందేశం కాదు. అది పంపిన తరువాత ఆమె పడిన ఆరాటం. అగ్నిద్యోతనుడనే విప్రుణ్ణి ద్వారకకు పంపింది. ముహూర్తం ముంచుకొస్తున్నది. విప్రుడు తిరిగి రాలేదు, కృష్ణుడు రాలేదు, కబురూ లేదు. అప్పుడామె మనసులో సందేహాలు ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. ఆ బ్రాహ్మణుడు అసలు బయలుదేరాడో లేదో. దారి బడలికతో నడుమ ఎక్కడైనా చిక్కుపడ్డాడేమో. చేరి చెప్పగా విని కృష్ణుడు తప్పుగా తలచాడేమో. లేక విని ఇప్పటికే వచ్చి ఉన్నాడేమో. ఆ తరువాతే ఆమె తలపు దైవం మీదికి, అమ్మవారి మీదికి, చిట్టచివరకు తన భాగ్యం మీదికి పోతుంది.

ఈ క్రమం ఎంత శాస్త్రీయమైనదో పాఠం చెప్పిన రోజుల్లో కంటె, విశ్రాంతి తీసుకున్న తరువాత నాకు మరింత బాగా తెలిసివచ్చింది. సందేశం గమ్యం చేరలేదంటే వెదకవలసిన చోట్లు ఆ నాలుగే: బయలుదేరిన చోటు, దారి, చేరిన గడప, తిరుగు కబురు. రుక్మిణి ఆఖరున తలచిన భాగ్యాన్ని మన కార్యాలయాలవారు మొట్టమొదటే తలుస్తారు. దాని ఆధునిక నామధేయం 'సర్వర్ డౌన్'.

నేను 2017లో పదవీ విరమణ చేశాను. అంతకు కొన్ని నెలల ముందు, 2016 అక్టోబరు 11న, తెలంగాణలోని పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి. మా మండలం పాత జిల్లా నుండి విడివడి కొత్త జిల్లాలో చేరింది. నా పింఛను కాగితాలు ఒక కార్యాలయం నుండి మరొక కార్యాలయానికి వెళ్లవలసి ఉన్నది. మొదటివారిని అడిగితే "పంపాం మాస్టారూ" అనేవారు. రెండవవారిని అడిగితే "మాకు అందలేదండీ" అనేవారు. ఇద్దరూ మర్యాదస్థులే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ రెండు నిజాల నడుమ ఏడు నెలలు గడిచాయి. మా శ్రీమతికి మధుమేహం. మందుల దుకాణంలో ఖాతా పెరిగింది. జీవితంలో ఎన్నడూ అప్పు వ్రాయించని మనిషి, ఆ దుకాణం ముందునుండి నడవవలసి వచ్చినప్పుడల్లా చుట్టుదారిన పోయేది.

మా అమ్మాయి హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగిని. సంగతి విని ఫోనులో ఇలా అన్నది:

"నాన్నా, పంపారా, అందిందా అని అడగకండి. ఏ అవుట్‌వర్డ్ నంబరుతో, ఏ తేదీన, ఏ చిరునామాకు పంపారో అడిగి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని ఆ చిరునామాకే వెళ్లి, ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఆ తేదీ చూపించమనండి. ఎక్కడ నంబరు తెగిపోయిందో అక్కడే ఉంటుంది."

అక్కడే ఉన్నది. కాగితాలు పాత జిల్లా కేంద్రంలోని కార్యాలయానికి వెళ్లాయి. అక్కడివారు తీసుకుని, నంబరు వేసి, 'మన పరిధి కాదు' అని పెన్సిలుతో వ్రాసి, బీరువాలో ఒక కట్టలో పెట్టారు. నావి మాత్రమే కాదు, ఆ కట్టలో ఇంకా పలువురివి ఉన్నాయి. అది తమది కాదని వారికి తెలుసు. ఎవరిదో కూడా తెలుసు. కాని తిప్పి పంపవలసిన పని ఎవరిదో ఎవరూ నిర్ణయించలేదు. ఆ కట్ట బయటపడిన నెల లోపలే నాకు పింఛను మొదలైనది.

"ఇంత సూక్ష్మం నీకెలా తెలిసిందమ్మా?" అని అడిగితే "నా ఉద్యోగమే అది నాన్నా" అన్నది. అప్పటివరకు ఆమె ఉద్యోగమేమిటో నేను సరిగా అడిగి తెలుసుకోలేదు. ఆపైన, ఆమె ఇంట ఉన్న రోజుల్లో, పక్కన కూర్చుని విన్నది ఇక్కడ వ్రాస్తున్నాను. సాంకేతికులు మన్నించాలి, ఇది ఒక తెలుగు పండితునికి అర్థమైన మేరకు.

బ్యాంకులు, రైల్వేలు, పెద్ద దుకాణాలు మొదలైనవాటి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి రెండు విధాలున్నవి. ఒకటి టెలిఫోను వంటిది: ఇరువైపులా ఒకేసారి మేలుకొని ఉండాలి. రెండవది టపా వంటిది: ఇటువారు జాబు వ్రాసి పెట్టెలో వేస్తారు, అటువారు వీలైనప్పుడు తీసుకుంటారు. ఈ రెండవ పద్ధతికి పేరొందిన సాధనాల్లో ఒకటి ఐబీఎంవారిది. 1993లో ఎంక్యూసీరీస్‌గా వచ్చి, 2002లో వెబ్‌స్పియర్ ఎంక్యూ అయి, 2014 నుండి ఐబీఎం ఎంక్యూ అనిపించుకుంటున్నది. పోస్టాఫీసు వంటి దానిని క్యూ మేనేజర్ అంటారు. జాబులు వేచి ఉండే పెట్టె క్యూ. ఒక పోస్టాఫీసు నుండి మరొక దానికి జాబులను మోసే బండి ఛానెల్. పొలిమేర దాటవలసిన జాబులు ముందుగా ట్రాన్స్‌మిషన్ క్యూలో చేరి బండి కోసం చూస్తాయి. సామాన్యపు జాబులు, రిజిస్టరు జాబులు అన్న భేదం ఇక్కడ కూడా ఉన్నది: యంత్రం ఆగి మళ్లీ మొదలైనా చెరగకుండా డిస్కు మీద వ్రాసిపెట్టేవి రెండవ రకం. డబ్బుకు సంబంధించినవన్నీ ఆ విధంగానే పంపుతారు. మన తపాలాశాఖవారు 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేశారు గాని, ఈ యంత్రాల లోకంలో రిజిస్టరు జాబు వైభవం తగ్గలేదు.

పని జరగకపోతే ఈ సాధనం కారణాన్ని ఒక అంకెతో చెబుతుంది. 2059 అంటే ఆ క్యూ మేనేజర్ అందుబాటులో లేదు. 2035 అంటే చేరావు గాని నీకు అధికారం లేదు. 2085 అంటే నీవు చెప్పిన పేరుగల పెట్టె ఇక్కడ లేదు. 2053 అంటే పెట్టె నిండిపోయింది. అమ్మాయి ఈ అంకెలు చెబుతుంటే నాకు అశోకవనం గుర్తుకు వచ్చింది. హనుమంతుడు సముద్రం దాటాడు. దారి చిక్కు తీరింది. సీతమ్మ ఎదుట నిలిచాడు. చిరునామా చిక్కు తీరింది. అయినా ఆ తల్లి నమ్మలేదు, రావణుడే మారువేషంలో వచ్చాడేమోనని శంకించింది. అది 2035. రాముని ఉంగరం చూపిన తరువాతే సందేశం సందేశమైనది. ఇక చూడామణి, అందినట్లు తిరుగు రసీదు.

ఒక వర్షాకాలపు రాత్రి నేనక్కడే ఉన్నాను. పదకొండు దాటాక అమ్మాయికి పిలుపు వచ్చింది. పాలు పోసే రైతులకు పదిహేను రోజులకొకసారి ఖాతాల్లో పడవలసిన డబ్బు తాలూకు సందేశాలు కదలడం లేదు. ఆ వారాంతంలో అవతలి కంప్యూటరును కొత్త యంత్రం మీదికి మార్చారట. తెల్లవారితే చెల్లింపు.

ఛానెల్ 'రీట్రయింగ్' అని చూపుతున్నది. అంటే బండివాడు తలుపు తట్టి, ఆగి, మళ్లీ తట్టుతున్నాడు. ఆమె మొదట చూసినది ఆ తట్టుడుకు ఎటువంటి జవాబు వస్తున్నదని. ఇందులో నాకు నచ్చిన భేదమొకటి ఉన్నది. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వెంటనే వస్తే సాధారణంగా ఇల్లు ఉన్నది, లోపల తలుపు తీసేవాడు లేడు అని అర్థం. లిజనర్ అనే ఆ ద్వారపాలకుణ్ణి లేపితే సరి. అలాకాక ఎంతసేపటికీ జవాబే లేకుండా గడువు దాటిపోతే, దారిలో ఎవరో చప్పుడు చేయకుండా అడ్డగిస్తున్నారేమోనని చూడాలి. ఆ రాత్రి వచ్చినది మౌనం. ఫైర్‌వాల్‌వారిని లేపి అడిగితే, 1414 అనే పోర్టుకు అనుమతి పాత యంత్రం చిరునామాకు ఉన్నది, కొత్తదానికి లేదు. సరిచేయగానే ఛానెల్ 'రన్నింగ్' అయినది. ఫోనులో ఉన్నవారందరూ ఊపిరి పీల్చుకుని శుభరాత్రి చెప్పుకున్నారు.

అమ్మాయి మాత్రం లేవలేదు. "బండి కదిలింది నాన్నా. జాబులు ఇల్లు చేరాయని ఎవరూ చెప్పలేదు" అన్నది. అవతలి గమ్యపు పెట్టె చూడమన్నది: ఖాళీ. డెడ్ లెటర్ క్యూ చూడమన్నది: నిండుతున్నది. ఎవరికీ అందించలేని జాబులను పారవేయక దాచే పెట్టె అది. ప్రతి జాబుకూ ముందు ఒక చీటీ అంటించి ఉంటుంది: ఏ పెట్టెకు పోవలసినది, ఏ కారణం వల్ల ఆగినది. కారణం 2085. పేరు లేదు.

పేరు ఉన్నదని అవతలివారు పట్టుబట్టారు. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదివించింది. ఇటువైపు చిరునామాలో చిన్న బడి, పెద్ద బడి కలిసిన ఇంగ్లీషు అక్షరాలు. అటువైపు అన్నీ పెద్దబడి. ఈ సాధనానికి ఆ రెండూ వేరు వేరు పేర్లు. పెట్టెను సృష్టించే ఆజ్ఞలో పేరుకు ఇరువైపులా ఒంటి కొటేషన్ గుర్తులు పెట్టకపోతే, అది తనంతట తానే అన్నీ పెద్దబడి అక్షరాలుగా మార్చుకుంటుందట. కొత్త యంత్రం మీద ఎవరో ఆ రెండు గుర్తులు విడిచిపెట్టారు. మన లిపిలో ఆ భేదమే లేదు గాని, ఒక దీర్ఘం పోతే 'పాలు' 'పలు' అయ్యే భాష నేర్పినవాణ్ణి. నాకది వింతగా తోచలేదు.

సరైన పేరుతో పెట్టె తయారైనది. అప్పుడు ఫోనులో ఎవరో అన్నారు: "ఆ ఆగినవి వదిలేద్దాం. పంపిన అప్లికేషన్‌నే మొత్తం మళ్లీ పంపమందాం. పది నిమిషాల పని."

అమ్మాయి ఒప్పుకోలేదు. ఆగిన జాబులు నశించినవి కావు, చేతిలో ఉన్నవే. మళ్లీ పంపిస్తే ఒక్కొక్క చెల్లింపుకు రెండేసి జాబులవుతాయి. రేపు ఎవరో ఆ పెట్టెను చూసి, పాపం ఆగిపోయాయని గమ్యానికి తోసివేస్తే, ఒక్కొక్క రైతుకు రెండుసార్లు డబ్బు పడుతుంది. పడిన డబ్బును తిరిగి తీసుకునే రోజున బ్యాంకు క్షమాపణ ఎవరికి చెబుతుంది? అప్పటికి ఆ డబ్బు దాణాకో, పిల్లల ఫీజుకో పోయి ఉంటుంది. ఖాతా రుణంలో పడుతుంది. ఈ మాటలు ఆమె గట్టిగా అనలేదు. అవతల ఉన్నవాడు ఆమె కంటె పెద్ద హోదాలోనివాడని తరువాత తెలిసింది. నిశ్శబ్దం కొంత సాగింది. "సరే, మీ పద్ధతిలోనే కానివ్వండి" అన్నాడతడు.

ముందు ఒక్క జాబును మాత్రమే చీటీ విప్పి గమ్యానికి పంపింది. అది చెల్లింపుగా నమోదైనదని అవతలివారు సంఖ్య చదివి చెప్పేవరకు రెండవది కదపలేదు. ఆపైన మిగిలినవన్నీ కదిలాయి. ఇటు బయలుదేరినవి ఎన్ని, అటు నమోదైనవి ఎన్ని అని లెక్క సరిచూసి, డెడ్ లెటర్ క్యూ సున్నా చూపిన తరువాత లేచింది. అప్పటికి తెల్లవారుజామున నాలుగు. పాలవాడి సైకిలు గంట వినబడుతున్నది.

నేను ఒక ప్రశ్న అడిగాను: "ఆ డెడ్ లెటర్ పెట్టే లేకపోతే ఏమయ్యేదమ్మా?" ఆమె చెప్పిన జవాబు నన్ను ఆలోచింపజేసింది. అట్టి పెట్టె ఏర్పాటు చేయని చోట, అందించలేని రిజిస్టరు జాబు ఒక్కటి ఎదురైనా బండి అక్కడే ఆగిపోతుందట. దాని వెనుక ఉన్న మంచి చిరునామాల జాబులు కూడా కదలవు. అందుకని పెట్టె ఉండాలి. కాని పెట్టె ఉండి, దానిని ప్రతిదినం తెరిచి చూసే మనిషి లేకపోతే, పని నడుస్తున్నట్లే కనబడుతుంది. కొందరి బ్రతుకులు మాత్రం లోపల ఆగి ఉంటాయి. నా కాగితాలున్న బీరువా అటువంటిదే. ఆ కార్యాలయం ఏడు నెలలూ చక్కగానే నడిచింది.

ఇక మిత్రులకు నా విన్నపం. ఈ 'డెడ్ లెటర్ క్యూ'కు తెలుగు మాట కావాలి. 'మృతలేఖల వరుస' అని యథాతథంగా అనవచ్చు గాని, ఆ జాబులు మృతములు కావు గదా. చీటీ చదివి పంపేవాడుంటే ప్రతిదానికీ ప్రాణమున్నది. 'నిలిచిన జాబుల పెట్టె' అని నేను అనుకుంటున్నాను. అమ్మాయికి చెబితే "బాగుంది గాని పొడుగైంది నాన్నా" అన్నది. ఇంతకంటె పొట్టిది, ఆ ప్రాణం పోనిది, మీకు తోస్తే చెప్పండి. ఆమె బృందంలో నలుగురు తెలుగువాళ్లున్నారట, వాడతామన్నారు.