ఎగిరే ఓడకి ఏ తుపాకీ?

ఆటలో ఆయుధం ఎంచుకోమంటే మనలో చాలామంది చూసేది ఒకటే.. దేనికి డ్యామేజీ ఎక్కువ? గన్స్ ఆఫ్ ఇకారస్ ఆన్‌లైన్‌లో మాత్రం ఈ లెక్క కుదరదు. మ్యూజ్ గేమ్స్ వాళ్ళు 2012లో తెచ్చిన ఆట ఇది. ఎగిరే ఓడలు కొట్టుకుంటాయి, ఒక్కో ఓడలో నలుగురు. ఒకడు నడుపుతాడు, మిగతావాళ్ళు కాల్చడం, రిపేర్లు. ఏ తుపాకీ ఎక్కడుండాలో కెప్టెన్ మ్యాచ్‌కి ముందే తేల్చెయ్యాలి.

అసలు కిటుకేంటంటే, ఓడకి పైన ఆర్మర్, లోపల హల్. గాట్లింగ్ ఆర్మర్‌ని తినేస్తుంది, హల్ మీద దాని ప్రతాపం అంతంతమాత్రం. మోర్టార్‌ది సరిగ్గా దీనికి ఉల్టా. ఆర్మర్‌ని ఇంజనీరు మళ్ళీ కట్టేస్తాడు గానీ, హల్‌కి తగిలిన దెబ్బ ఆ ఓడ కూలేదాకా మానదు. అందుకే పిరమిడియన్ అనే ఓడకి ముందువైపు ఈ రెండూ పక్కపక్కనే పెట్టేవాళ్ళు. ఒకడు ఆర్మర్ విప్పగానే రెండోవాడు పేల్చాలి. కాస్త ఆలస్యమైందా, కథ మళ్ళీ మొదటికే :-)

కాలేజీలో మేం నలుగురం ఆడేవాళ్ళం. మాలో ఒకడిది హాస్టల్ నెట్, అంతా లాగే. వాడికి మెర్క్యురీ ఇచ్చారు. చాలా దూరం కొడుతుంది, కానీ మ్యాగజైన్‌కి రెండే గుళ్ళు. గురి తప్పితే అంతే సంగతులు. నాలుగు మ్యాచ్‌లు ఓడాక "వీణ్ణి మార్చేద్దాం" అన్నారు. మనిషిని కాదు, తుపాకీని మార్చమన్నాన్నేను. దగ్గరికెళ్ళి ఫ్లేమ్‌త్రోయర్ పట్టుకుంటే అంత గురి అక్కర్లేదు. వాడు మాతో చివరిదాకా ఆడాడు.

ఈ సంగతి భావనపాడులో మా మావయ్యకి ఏ ఆటా ఆడకుండానే తెలుసు. కవ్వళ్ళకి చిన్న కళ్ళ వల, కోనాంకి పెద్ద కళ్ళ వల. ఏది ఎక్కించాలో ఒడ్డునే తేలాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉండే 61 రోజులూ వలలు బాగుచేసుకుంటూ వాళ్ళు మాట్లాడుకునేది ఇదే. "బోటెక్కినోళ్ళు లాగలేని వల ఎంత గొప్పదైతే ఏటి లాభంరా?" అంటాడాయన.

మన ఆఫీసుల్లో మాత్రం ఈ ప్రశ్న ఎవరూ అడగరు. లీడ్ గారు ఎక్కడో చదివొచ్చి ఇరవై మైక్రోసర్వీసులు కావాలంటారు. టీంలో ఉన్నది నలుగురు, అందులో ఇద్దరు ఫ్రెషర్లు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే, లాగ్‌లు ఎక్కడ వెతకాలో తెలీక ఆ కుర్రాళ్ళు బిక్కమొహం వేస్తారు. అప్రైజల్‌లో మాత్రం "స్కిల్స్ చాలవు" అని వాళ్ళ పేరే రాస్తారు. మొన్న నేను చూసిన ఒక కుర్రాడికైతే ఉద్యోగమే పోయింది. ఆ డిజైన్ ఎంచుకున్న పెద్దాయనకి ప్రమోషన్!

కాబట్టి లోడౌట్ అంటే తుపాకుల జాబితా కాదండీ. ఓడలో ఎవరున్నారో చూసుకుని చేసే ఎంపిక. ముందు మనుషుల్ని లెక్కపెట్టి, తర్వాత తుపాకులు బిగించండి. ఏమంటారు?