ఒంటి తత్వం

"ఈ బిళ్ళ నా ఒంటికి పడలేదు బాబూ. వేడి చేసింది."

ఆ మాట అన్న తల్లికి యాభై నాలుగేళ్ళు. తెనాలి వైపు పల్లె. భర్త పోయి ఏడాది దాటింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, పొద్దెక్కేదాకా గోడ వైపు తిరిగి పడుకుంటుంది. వంటింట్లోకి వెళ్ళడం మానేసింది. డిప్రెషన్ అని తేల్చడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఎసిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశాను. మెదడులో సెరటోనిన్ మీద పనిచేసే మందుల్లో మేం రోజూ రాసేది అదే.

వారానికల్లా తిరిగొచ్చింది. చేతులు వణుకు, చెమటలు, వికారం. రాత్రి కాలు ఒకచోట నిలవదు. "కొత్తలో అలాగే ఉంటుందమ్మా, రెండు వారాలు ఓపిక పట్టండి" అని పంపేశాను. చాలామంది విషయంలో అది నిజమే. ఆమె విషయంలో కాలేదు. బిళ్ళలు మానేసింది, నా దగ్గరకు రావడమూ మానేసింది. మూడు నెలల తర్వాత కొడుకు దాదాపు మోసుకుని తీసుకొచ్చాడు. జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. అంతగా చిక్కిపోయింది. ఆ మూడు నెలలూ ఆమె పడ్డ బాధకు నేను బాధ్యుణ్ణి. ఆమె వచ్చి ఉన్నమాటే చెప్పింది, నేను వినలేదు.

ఈసారి ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మన్నాను. ప్లాస్టిక్ సంచీలోంచి బీపీ మాత్ర, కాల్షియం, నొప్పుల మాత్ర బయటికొచ్చాయి. అడుగున గ్యాస్ మాత్ర ఉంది. "అదేం మందు కాదులెండి, పరగడుపున వేసుకుంటాను, రెండేళ్ళ నుంచి" అంది. మందుల షాపతను ఇచ్చిన ఒమెప్రజోల్ అది.

మనం మింగే ఎసిటాలోప్రామ్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైముల్లో ముఖ్యమైనది సీవైపీ2సీ19. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి మనకు వస్తుంది. రెండూ సరిగ్గా ఉన్నవాళ్ళలో మందు రక్తంలో ఉండాల్సినంతే ఉంటుంది. ఒక ప్రతి పనిచేయకపోతే మందు నెమ్మదిగా కరుగుతుంది, రెండూ పనిచేయకపోతే రోజురోజుకూ పేరుకుపోతుంది. ఒమెప్రజోల్ సంగతేమిటంటే, అది ఇదే ఎంజైమును అణిచిపెడుతుంది. అంటే నేను రాసింది 10 మిల్లీగ్రాములే అయినా ఆమె ఒంట్లో ఉన్నది అంతకు చాలా ఎక్కువ.

గ్యాస్ మాత్ర మార్చాను. ఎసిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి వణుకు రాలేదు. ఐదో వారంలో కొడుకు ఫోన్ చేసి, అమ్మ పొద్దున్నే లేచి పప్పు పోపు పెట్టిందని చెప్పాడు. తర్వాత వాళ్ళే ముచ్చటపడి హైదరాబాదులో జన్యు పరీక్ష చేయించుకొచ్చారు. ఒక ప్రతి పనిచేయనిది. ఉన్న ఒక్క మంచి ప్రతినీ రెండేళ్ళుగా గ్యాస్ మాత్ర నొక్కిపెట్టింది.

ఆ కాగితం చూసినరోజు నాకు ఆమె మొదటి మాట గుర్తొచ్చింది. ఒంటికి పడటం, పడకపోవడం, ఒంటి తత్వం, వేడి చేయడం... ఈ మాటలను మేం కాలేజీలో పెద్దగా లెక్కచేయలేదు. మందు ఒకటే, మోతాదు ఒకటే, మనుషుల ఒళ్ళు మాత్రం వేరువేరు అన్న సంగతి ఆ మాటల్లో ముందునుంచీ ఉంది. మత్తు డాక్టర్లకు ఇది ఎప్పుడో తెలుసు. మన ప్రాంతంలో ఆపరేషన్‌కు ముందు కొందరు మత్తు డాక్టర్లు "మీరు వైశ్యులా? ఇంట్లో ఎవరికైనా మత్తిచ్చాక ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా?" అని అడుగుతారు. కులం కోసం అడిగే ప్రశ్న కాదది. ఆ సామాజికవర్గంలో సక్సినైల్‌కోలిన్ అనే కండరాలు సడలించే మందును విరగ్గొట్టే ఎంజైము లోపం మిగతావారిలో కంటే చాలా ఎక్కువ. తరాల తరబడి లోపలే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల ఒకే జన్యుమార్పు ఎలా పేరుకుపోతుందో చెప్పడానికి హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో దీన్నే ఉదాహరణగా చూపించారు. అక్కడ ఆ ఒక్క ప్రశ్న ఒక ప్రాణాన్ని కాపాడగలదు. మనసు మందుల దగ్గరికి వచ్చేసరికి మాకు అలాంటి ప్రశ్న వేసే అలవాటు లేకపోయింది.

ఆ అలవాటు ఉండాల్సిన అవసరం మనకే ఎక్కువ. సీవైపీ2సీ19 రెండు ప్రతులూ పనిచేయనివాళ్ళు ఐరోపావాళ్ళలో వందకు ఇద్దరో ముగ్గురో. దక్షిణ భారతీయుల మీద పుదుచ్చేరి జిప్‌మర్ వంటి చోట్ల జరిగిన పరిశోధనలు చూస్తే మనలో ప్రతి ఎనిమిది, పదిమందిలో ఒకరు అలాంటివారు. గుండె స్టెంట్లు వేయించుకున్నవారు వాడే క్లోపిడోగ్రెల్‌కూ ఇదే ఎంజైము కావాలి, కాకపోతే తిరగేసి: అక్కడ ఎంజైము పనిచేస్తేనే మందుకు శక్తి వస్తుంది. నార్వేలో ఎసిటాలోప్రామ్ వాడుతున్న 2,087 మంది రక్తపరీక్షలను 2018లో లెక్కగట్టి చూశారు. రెండు ప్రతులూ పనిచేయనివాళ్ళ రక్తంలో మందు మామూలువాళ్ళకు మూడు రెట్ల పైచిలుకు ఉంది. ఏడాదిలోపు ఆ మందు మానేసి ఇంకోదానికి మారినవాళ్ళు కూడా వాళ్ళలోనే ఎక్కువ. ఇటు ఎంజైము మరీ చురుగ్గా ఉన్నవాళ్ళలోనూ అంతే. వాళ్ళకు మందు నిలవక గుణం కనిపించదు. ఒకరు "పడలేదు" అంటారు, ఒకరు "పనిచేయలేదు" అంటారు. రెండు ఫిర్యాదులకూ మూలం ఒకే జన్యువు కావచ్చు. ఎసిటాలోప్రామ్‌కు దగ్గరి బంధువైన సిటాలోప్రామ్ విషయంలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది: అరవై దాటినవారికీ, ఈ ఎంజైము పనిచేయనివారికీ రోజుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

ఇంతవరకూ జన్యువు నాకు సాయపడిన కథ. భయపెట్టిన కథ ఇంకొకటుంది.

ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పండక్కి ఊరొచ్చి నన్ను కలిశాడు. వస్తూనే ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఉమ్మి నమూనా పంపి చేయించుకున్న పరీక్ష. అందులో ఒక వరుసకు ఎర్ర రంగు పూసి ఉంది: సెరటోనిన్ రవాణా జన్యువు, రెండు ప్రతులూ పొట్టివి. "మా అమ్మకు ఇరవయ్యేళ్ళుగా డిప్రెషన్ సార్. నాకూ వస్తుందని ఇందులో ఉంది. సంబంధం ఖాయమైంది. అమ్మాయివాళ్ళకు ఇది చూపించాలా?" అని అడిగాడు. నెల రోజులుగా నిద్ర లేదట. జబ్బు ఇంకా రాలేదు, కాగితం వచ్చింది.

ఆ ఎర్ర వరుస వెనక పెద్ద కథ ఉంది. మెదడులో ఒక నాడీకణం సెరటోనిన్‌ను వదిలాక, పని అయిపోగానే దాన్ని మళ్ళీ లోపలికి తోడుకునే మోటారు లాంటి ప్రొటీన్ ఒకటుంది. నేను రాసే మందులు ఆ మోటారునే ఆపుతాయి. దాన్ని తయారుచేసే జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆ జన్యువు మొదట్లో ఒక భాగం కొందరిలో పొడుగ్గా, కొందరిలో 44 అక్షరాలు తక్కువగా ఉంటుందనీ, పొట్టి ప్రతి ఉంటే మోటార్లు తక్కువ తయారవుతాయనీ 1996లో జర్మనీ, అమెరికా శాస్త్రవేత్తలు చెప్పారు. 2003లో న్యూజీలాండ్‌లోని డునెడిన్ నుంచి ఇంకో మాట వచ్చింది. పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన 847 మంది యువతలో, పొట్టి ప్రతి ఉన్నవాళ్ళు కష్టాలు ఎదురైనప్పుడు ఎక్కువగా డిప్రెషన్‌లోకి జారారని. ఆ పరిశోధనను నేను ఎంతో ఇష్టంగా చదివాను. ఒకే చావు ఒక ఇంట్లో ఇద్దరన్నదమ్ముల్లో ఒకణ్ణి కూల్చేసి ఇంకొకణ్ణి ఎందుకు వదిలేస్తుందో, దానికి జవాబు దొరికిందనుకున్నాను. విద్యార్థులకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను.

ఆ బొమ్మ నిలబడలేదు. 2009లో 14 పరిశోధనలను, 14,250 మందిని కలిపి చూస్తే కష్టాలు డిప్రెషన్‌ను పెంచుతున్న మాట నిజమేనని తేలింది. ఆ జన్యువుకు మాత్రం చోటు దొరకలేదు. 2019లో అమెరికా శాస్త్రవేత్తలు లక్షలమంది సమాచారంతో ఇలాంటి 18 పేరున్న జన్యువులను పరీక్షిస్తే ఒక్కటీ నిలవలేదు. తూర్పు ఆసియా దేశాల్లో పొట్టి ప్రతి ఐరోపాలో కంటే చాలా ఎక్కువ. అంతమాత్రాన అక్కడ డిప్రెషన్ అంతగా పెరిగిన దాఖలా లేదు. 2019లోనే ఎనిమిది లక్షల మందికి పైగా జన్యువులను వెతికిన మరో పరిశోధనలో డిప్రెషన్‌తో సంబంధం ఉన్న తావులు 102 బయటపడ్డాయి. ఒక్కొక్కదాని ప్రభావం ఆవగింజంత. నేను నమ్మి చెప్పిన పాఠాన్ని వెనక్కి తీసుకోవడం నాకు కష్టమే అయింది. కానీ ఈ కుర్రాడి ఫోన్‌లో అది ఇంకా ఎర్రగా వెలుగుతోంది. అలాంటి రిపోర్టులు అమ్మడం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అతనికి అదంతా ఒక గంట కూర్చోబెట్టి చెప్పాను. అమ్మ జబ్బు విషయం కొట్టిపారేయలేదు. కవల పిల్లల మీద చేసిన అధ్యయనాల ప్రకారం, డిప్రెషన్ విషయంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సుమారు 37 శాతం వంశం నుంచి వస్తుంది. మిగతాది బతుకులోంచి వస్తుంది. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది, కానీ చాలామంది బిడ్డలకు రాదు. "అమ్మకు బీపీ ఉంటే ఎలా చెబుతావో ఇదీ అలాగే చెప్పు. ఈ కాగితం మాత్రం చూపించకు, ఇందులో చూపించాల్సిందేమీ లేదు" అన్నాను. చివర్లో నేనొక ప్రశ్న అడిగాను. "మీ అమ్మగారికి ఏ మందు పడింది?" అతనికి తెలియదు. అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు. సెర్ట్రలిన్, 50 మిల్లీగ్రాములు, పదకొండేళ్ళుగా. ఏదైనా అవసరం పడితే ఆ ఎర్ర వరుస కంటే నాకు ఆ ఒక్క ముక్క ఎక్కువ పనికొస్తుంది.

జ్ఞాపకశక్తి గురించి కూడా అడిగేవాళ్ళుంటారు. సెరటోనిన్ సందేశాన్ని అందుకునే 2ఏ గ్రాహకంలో ఒకచోట ఒక అమైనో ఆమ్లం మారినవాళ్ళు, విన్న మాటలను కొద్ది నిమిషాల తర్వాత గుర్తుచేసుకోవడంలో వెనకబడ్డారని 2003లో స్విట్జర్లాండ్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. బృందాలను పోల్చినప్పుడు కనపడే తేడా అది. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషిలో దాన్ని నేను పట్టుకోలేను. డిప్రెషన్ జ్ఞాపకశక్తికి చేసే నష్టం మాత్రం కళ్ళకు కడుతుంది. అరవై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ని మతిమరుపని తీసుకొచ్చారు. తమ్ముడు పోయాక మొదలైందట. ఏమడిగినా "తెలీదండీ" అంటున్నాడు. తప్పో ఒప్పో చెబుదామన్న ప్రయత్నం కూడా లేదు. మెదడు అరిగిపోయే మతిమరుపులో మనిషి సాధారణంగా ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుకుంటాడు. ఈయనకు చెప్పాలన్న ఆశే లేదు. మెదడు స్కాన్, థైరాయిడ్, బి12 చూసి, తక్కువ మోతాదులో సెర్ట్రలిన్ మొదలుపెట్టాను. రెండో వారం సోడియం పరీక్ష మర్చిపోలేదు. కొందరు పెద్దవాళ్ళలో ఈ మందులు రక్తంలో ఉప్పు తగ్గించి కొత్త గందరగోళం తెస్తాయి. రెండు నెలల తర్వాత, గుంటూరు నుంచి శ్రీశైలం సర్వీసు ఎటు వెళ్ళేదని అడిగితే నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, దోర్నాల అంటూ ఘాట్ రోడ్డు దాకా చెప్పుకుపోయాడు. పక్కన కూర్చున్న కూతురు ఏడ్చేసింది.

మరి జన్యు పరీక్ష అందరూ చేయించుకోవాలా? అక్కర్లేదనే నా అభిప్రాయం. అమెరికాలో 1,944 మంది మాజీ సైనికుల మీద చేసి 2022లో ప్రచురించిన ప్రయోగంలో, పరీక్ష చూసి మందు ఎంచినవాళ్ళకు మేలు జరిగింది కానీ కొద్దిగానే, అదీ ఆరు నెలలయ్యేసరికి తేడా చెరిగిపోయింది. జన్యువులను బట్టి మందు మోతాదు చెప్పే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో కాలేయ ఎంజైముల జన్యువులకే సలహాలిచ్చింది. సెరటోనిన్ రవాణా జన్యువు, 2ఏ గ్రాహకం చూసి మందు మార్చడానికి ఆధారాలు చాలవని అదే పత్రంలో రాసింది. రెండు మూడు మందులు వరుసగా పడనివాళ్ళకు, తక్కువ మోతాదుకే ఒళ్ళు తట్టుకోలేనివాళ్ళకు నేను ఎంజైము పరీక్ష రాస్తాను. మిగతావారికి తక్కువతో మొదలుపెట్టి, వారానికి ఒకసారి ఫోన్ చేయమంటాను. "పడలేదు" అన్న మాట వినిపిస్తే ఓపిక పట్టమని చెప్పేముందు ఇంకో పది నిమిషాలు కూర్చోబెడతాను.

ఇది చదువుతున్నవారికి నాదో విన్నపం. మనసు మందు పడకపోతే మీ అంతట మీరు మానేయకండి, డాక్టరుకు చెప్పండి. వినకపోతే మళ్ళీ చెప్పండి. అర్ధరాత్రి బతుకు మీద విరక్తి కలిగితే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు, డబ్బేమీ కట్టక్కర్లేదు. ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టుకుని అమ్మకు, నాన్నకు, మీకు ఏ మందు ఎంత మోతాదులో పడిందో, ఏది పడలేదో, పడకపోతే ఏమైందో తేదీ వేసి రాసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకమూ, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచీలో వేసుకుని వెళ్ళండి. పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర కూడా అందులో వేయండి.