మైనపు గొట్టములలోని పాటలు

1904లో హంగరీ దేశపు యువసంగీతకారుడు బేలా బార్టోక్ ఒక పల్లెయందు విడిదిచేసియుండగా, పనిపిల్ల యొకతె పాడుకొనుచున్న పాట ఆయన చెవినిబడెను. అట్టి పాట నగరసభలలో ఆయన వినియెరుగడు. హోటళ్లలో జిప్సీ మేళములు వాయించునదియే హంగరీ సంగీతమని ఆనాటి పట్టణవాసుల నమ్మకము. పల్లెవాని గొంతు వారికి సంగీతమనిపించలేదు కాబోలు!

మరుసటి యేడు జోల్తాన్ కొడాయ్ అను విద్వాంసుడు పాటలకై పల్లెలు తిరుగ నారంభించెను. బార్టోక్ ఆయనకు తోడయ్యెను. వారి సాధనము ఫోనోగ్రాఫు యంత్రము. దాని బూరా యెదుట ముసలమ్మ పాడగా, ధ్వనికి కదలెడి సూది, తిరుగుచున్న మైనపు గొట్టముపై సన్నని గాడి గీయును. సూదిని మరల ఆ గాడి వెంట నడపినచో పాట వినవచ్చును. అయితే మైనము మెత్తనిది; పలుమారులు వినిన గాడి యరిగిపోవును. కావున ప్రతి పాటను చెవియొగ్గి విని, స్వరములలో వ్రాసికొనవలసియుండెను. ఎంతటి ఓర్పు!

1906లో వారిరువురు 20 పాటలు ప్రకటించిరి. బార్టోక్ స్లోవాకుల పాటలను, రుమేనియనుల పాటలను గూడ అంతే ప్రీతితో సేకరించెను. 1920లో ట్రియనాన్ సంధివలన హంగరీ తన భూభాగమున మూడింట రెండు వంతులు గోల్పోయెను. ఆ దుఃఖవేళ, పొరుగుజాతి పాటలపై వ్రాసిన ఆయనను దేశభక్తి లేనివాడని స్వజనులే పత్రికలలో నిందించిరి. ఆయన పని మానలేదు.

నాజీల ప్రాబల్యము సహింపలేక 1940లో అమెరికా కేగి, 1945లో న్యూయార్కున కన్నుమూసెను. కొడాయ్ స్వదేశముననే నిలిచి, పల్లెపాటలతోనే బాలురకు స్వరజ్ఞానము కలిగించు బోధనకు త్రోవ చూపెను. 1951లో హంగరీ జానపదసంగీత మహాసంకలనపు తొలి సంపుటము వెలువడెను. అందులోనివి పిల్లల ఆటపాటలు.