జాయ్‌స్టిక్కా, మౌసా?

విజయవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్ సామాన్లు అమ్ముతూ, రిపేర్లు చేస్తూ బతుకుతున్నాను. వేసవి సెలవులిస్తే చాలు, కౌంటరు దగ్గర అందరిదీ ఒకటే మాట: "అన్నా, జాయ్‌స్టిక్ తీసుకోనా, మంచి మౌస్ తీసుకోనా?" రేటు చెప్పకముందే నేను అడిగేది, "ఏం ఆడతావ్ తమ్ముడూ?"

వాలరెంట్ అనో కౌంటర్ స్ట్రైక్ అనో ఏదైనా షూటింగ్ గేము పేరు చెబితే ఇక జాయ్‌స్టిక్ ఊసెత్తను. మౌస్ ఎంత జరిపితే గురి అంతే జరిగి ఆగుతుంది. స్టిక్‌ను పక్కకు వంచి పట్టుకుంటే గురి తిరుగుతూనే ఉంటుంది, సరైన చోట ఆపే భారం బొటనవేలిది. ఆ లోటు తీర్చడానికే కన్సోల్ షూటింగ్ గేముల్లో చాలావరకు గురి కుదరడానికి గేమే కాస్త సాయం పడుతుంది. వాలరెంట్ 2024లో కన్సోళ్లకు వచ్చినా, ఆ ఆటగాళ్లను పీసీవాళ్లతో కలపలేదు.

కార్ల గేములైతే లెక్క తిరగబడుతుంది. మామూలు కీబోర్డుకు సగం అంటే తెలీదు. కీ నొక్కితే యాక్సిలరేటర్ మొత్తం తొక్కినట్టే, వదిలితే అసలు తొక్కనట్టే. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో బండి అలా నడిపితే ఏమవుతుందో విజయవాడవాళ్లకు చెప్పక్కర్లేదు. జాయ్‌స్టిక్ ట్రిగ్గర్ ఎంత నొక్కితే కారు అంతే ఎత్తుకుంటుంది. ఫుట్‌బాల్ గేములకూ అదే హాయి.

ఇంకో రకం గిరాకీ ఉంది. ఒకే కీబోర్డు మీద అటొకరు ఇటొకరు కూర్చుని ఆడే అన్నదమ్ములు. "కీలు పడట్లేదన్నా" అంటూ కీబోర్డు పట్టుకొస్తారు. ఒక్కొక్కటే నొక్కి చూస్తే అన్నీ పడతాయి. చౌక కీబోర్డు లోపల ప్రతి కీకీ వేరే తీగ ఉండదు, అడ్డం నిలువు గీతల్లో కలిపేస్తారు. ఒకేసారి మూడు నాలుగు కీలు నొక్కితే ఒక్కోసారి ఒకటి మింగేస్తుంది. దానికి రిపేరు లేదు. రెండోవాడికి చిన్న గేమ్‌ప్యాడ్, అంటే జాయ్‌స్టిక్కే, కొనుక్కోమంటాను. అయితే కొనేముందు ఎక్స్‌ఇన్‌పుట్ అనే పద్ధతి ఉందో లేదో అడగాలి. అది లేని పాతరకం ప్యాడ్‌ను చాలా కొత్త గేములు గుర్తించవు.

జాయ్‌స్టిక్‌కు ఉన్న రోగం డ్రిఫ్ట్. చెయ్యి తీసేసినా బొమ్మ దానంతటదే నడుస్తుంటుంది. విప్పితే స్టిక్ కింద రెండు చిన్న పొటెన్షియోమీటర్లు కనపడతాయి, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకి. వాటిలో కార్బన్ పూత మీద సన్నని రేకు రుద్దుకుంటూ తిరుగుతుంది. పూత అరిగినచోట కొలత తప్పుతుంది. తుడిస్తే కొన్నాళ్లు సర్దుకోవచ్చు, పూత పోతే మాత్రం మాడ్యూల్ ఊడదీసి కొత్తది టంకం వేయాల్సిందే. హాల్ ఎఫెక్ట్ రకంలో అయస్కాంతం కదలికను సెన్సర్ తాకకుండానే కొలుస్తుంది, రాపిడి లేదు కాబట్టి ఈ అరుగుదల ఉండదు. ధర కాస్త ఎక్కువైనా అదే తీసుకోమంటాను.

డబ్బులిచ్చే నాన్నగారు వెంట వస్తే, "మీరే ఏదో ఒకటి చెప్పండి" అంటారు. కుర్రాడు ఇంజనీరింగ్ అయితే ముందు మౌసే అంటాను. ఆటోక్యాడ్‌కైనా పనికొస్తుంది కదండీ. జాయ్‌స్టిక్ మాత్రం ఫ్రెండ్ దగ్గరిది తెచ్చుకుని ఓ వారం ఆడాక చూద్దాం అంటాను. బేరం అప్పటికి పోయినా, నచ్చినవాడు తిరిగి నా దగ్గరికే వస్తాడు.