ముందు మాట తెలియాలి

ఇంట్లో సినిమా చూడటమంటే ఈ మధ్య రిమోటుతో కుస్తీ పట్టడమే అయింది. తండ్రీ కొడుకూ గొంతు తగ్గించి మాట్లాడుకునే సీను వస్తుంది, ఒక్క ముక్క తెలియదు. పెంచుతాం. ఇంతలో హీరో తలుపు తన్నుకుంటూ వస్తాడు, రీరికార్డింగ్ ఇల్లెగిరిపోయేలా మోగుతుంది, పక్కగదిలో పసివాడు ఉలిక్కిపడి లేస్తాడు. తగ్గిస్తాం. మళ్ళీ మాటలు, మళ్ళీ పెంచడం. ఆఖరికి తెలుగువాళ్ళం, తెలుగు సినిమాకి, కింద ఇంగ్లీషు అక్షరాలు వేసుకుని చదువుకుంటున్నాం. పింగళి, ఆత్రేయ, ముళ్ళపూడి, జంధ్యాల రాసిన మాటలు చెవులారా విని పెరిగినవాళ్ళకి రావలసిన గతి కాదిది.

లోపం మన చెవుల్లో లేదు. టీవీ ఏటికేడు పల్చబడుతోంది. గోడకి అతుక్కుపోయే ఆ పలకలో స్పీకరుకి చోటేది? చిన్న స్పీకర్లు రెండు, కింది అంచున నేలవైపు చూస్తూనో, వెనక గోడవైపు చూస్తూనో ఉంటాయి. మాట ముందు నేలకో గోడకో కొట్టుకుని, ఆ తర్వాతే మన దగ్గరికి వస్తుంది. పైగా ఇప్పటి సినిమా శబ్దాన్ని థియేటరు కోసం విడివిడి దారుల్లో కలుపుతారు. ఎదురుగా ఎడమ, కుడి, మధ్య, వెనకవైపు రెండు, లోతైన శబ్దాలకి ఇంకొకటి. 5.1 అన్న లెక్క అదే. డైలాగు దాదాపు అంతా ఆ మధ్య దారిలోనే నడుస్తుంది. అన్నింటినీ కలిపి టీవీ తన ఇరుకు నోట్లోంచి పలికించేసరికి మాట మీద డప్పులూ వయొలిన్లూ పడి నలిగిపోతుంది.

ఇది ఇక భరించలేక మధ్యతరగతి మనిషి హోమ్ థియేటర్ కొందామని బజారుకి వెళతాడు. జేబులో ఉన్నది పదిహేను వేలు, మహా అయితే ఇరవై. అసలు అన్యాయం అక్కడ మొదలవుతుంది.

రంగురంగుల అట్టపెట్టె. దాని మీద అరచేయంత అక్షరాల్లో 5000 వాట్లు అని ఉంటుంది. పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో పీఎంపీఓ. ఈ పీఎంపీఓకి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్ళు వేసుకోవచ్చు. యాంప్లిఫయరు ఆగకుండా ఎంతసేపైనా ఇవ్వగలిగిన శక్తిని ఆర్ఎంఎస్ వాట్లలో చెబుతారు, లెక్కలోకి వచ్చేది అదొక్కటే. పెట్టె విప్పి సెట్టు వెనక్కి తిప్పితే ఒక చిన్న స్టిక్కరు కనిపిస్తుంది: 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 60 వాట్లు. గోడలోంచి అరవై వాట్లు తీసుకున్న యంత్రం ఐదు వేల వాట్లు ఎలా ఇస్తుంది? మామూలు ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు. నిజంగా ఐదు వేలయితే టీవీ పక్కనున్న ఆ ఆరు ఆంపియర్ల ప్లగ్గు మాడిపోవాలి.

మా బావమరిది ఇంట్లో అలాంటి సెట్టొకటి మూగబోతే విప్పి చూశాను. లోపల 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు, రెండు ఆంపియర్లది. ఇరవై నాలుగు రెళ్ళు నలభై ఎనిమిది వాట్లు. ఆ నలభై ఎనిమిదినే ఆరు స్పీకర్లూ పంచుకోవాలి, వేడికి పోయేది పోగా. అంతవరకూ క్షమించొచ్చు. స్పీకరు డబ్బాలు చూస్తే ప్రతిదానికీ కింద పెద్ద గుండ్రం, పైన చిన్న గుండ్రం. పెద్దది వూఫరు, చిన్నది ట్వీటరు అనుకుంటాం కదా. జాలీ తీసి చూస్తే ఆ పైనున్నది వెండిరంగు పూసిన ప్లాస్టిక్ మూత. వెనక తీగ లేదు, అయస్కాంతం లేదు, జిగురుతో అతికించారు. ఐదు డబ్బాలకీ అంతే. చిట్టీ పాడి కొన్న సెట్టు అది. చౌక వస్తువు చౌకగా ఉండటంలో తప్పేమీ లేదు, నేనూ చౌకగానే కొనుక్కుంటాను. లేనిదాన్ని ఉన్నట్టు అతికించి అమ్మడం మాత్రం దొంగతనం. పచారీ కొట్లో తూకంరాయి తగ్గితే కేసు పెడతారు, వాట్లలో ఇంత తేడా వస్తే అడిగే నాథుడు లేడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, మండాలి కూడా.

డబ్బు తక్కువున్నప్పుడు ఆరు స్పీకర్లు కొనకూడదు. రెండే కొనాలి. ఎవరడిగినా ఈ మాటే చెబుతాను, అడగనివాళ్ళకీ చెబుతాను. రెండు మంచి స్పీకర్లు, నిజం వాట్లున్న యాంప్లిఫయరు ఒకటి. సరిగ్గా ఎదురుగా కూర్చుంటే ఎడమా కుడీ సమానంగా పలికిన గొంతు బొమ్మ నడుమనుంచే వస్తున్నట్టుంటుంది, మధ్య స్పీకరు లేకపోయినా. పక్కకి జరిగి కూర్చునేవాళ్ళకి మాత్రం దగ్గరున్న డబ్బాలోంచే మాట వస్తున్నట్టు తోస్తుంది. నలుగురూ కలిసి చూసే ఇల్లయితే, చెయ్యి ఆడిన నాడు మూడోదిగా మధ్య స్పీకరు కొనాలి, మొదటి రెండింటి జాతిదే. వెనక రెండూ ఆ తర్వాత. సబ్ వూఫరు అన్నింటికంటే ఆఖరు. నలభై హెర్ట్జ్ శబ్దతరంగం ఒక్కటే ఎనిమిదిన్నర మీటర్ల పొడవుంటుంది. పదడుగుల గదిలో అది ఒక చోట దిమ్మెత్తిస్తుంది, ఇంకో చోట సరిగ్గా వినపడదు, పక్కింటివాళ్ళ గోడకి మాత్రం తప్పకుండా అందుతుంది.

ఇక యాంప్లిఫయరు. సెకండ్ హ్యాండ్‌లో ఏవీ రిసీవర్, అంటే ఆ దారులన్నింటికీ యాంప్లిఫయర్లు లోపలే ఉన్న పెట్టె, కొనుక్కోమంటాను. యమహా, డెనాన్, ఓంక్యో, సోనీ, ఏదైనా సరే. పదేళ్ళు దాటిన పాత రిసీవర్లని జనం ఎందుకు వదిలించుకుంటారంటే చాలావాటిలోంచి 4కే బొమ్మ వెళ్ళదు, అట్మాస్ రాదు. మనకి ఆ రెండూ అక్కర్లేదు. బొమ్మ నేరుగా టీవీకే పోనిచ్చి, టీవీ వెనకనుంచి ఒక ఆప్టికల్ తీగ రిసీవరుకి వేస్తే శబ్దం వచ్చేస్తుంది. ఆ తీగలోంచి డాల్బీ డిజిటల్ 5.1 శుభ్రంగా నడుస్తుంది. టీవీ సెట్టింగుల్లో శబ్దాన్ని డాల్బీ డిజిటల్‌కి మారిస్తే సరి. జపాను ఇంజినీర్లు శ్రద్ధగా చేసిన యంత్రం, పది కిలోల బరువు, అందులో పెద్ద వాటా ట్రాన్స్‌ఫార్మరుదే, కొత్త డబ్బా సెట్టు ధరకి దొరుకుతుంది. హైదరాబాదువాళ్ళకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. విడి వూఫర్లు, ట్వీటర్లు, బోర్డులు, చెక్క డబ్బాలు, అన్నీ అక్కడ దొరుకుతాయి. ఆ గల్లీలో ఒక పూట తిరిగినా నాకు పండగే.

పాతది కొనేటప్పుడు తొందరపడకూడదు. స్విచ్చి వేశాక కాసేపటికి లోపల టక్కుమని రిలే పడాలి. పడకపోతే అది జబ్బున్న మనిషే. వాల్యూమ్ మర మెల్లగా తిప్పి గరగర వస్తుందేమో వినాలి. ప్రతి దారిలోనూ స్పీకరు తగిలించి చూడాలి. అరగంట మోగనిచ్చి మరీ వేడెక్కిందేమో పైన చెయ్యి పెట్టి చూడాలి. "అన్నా, ఇంకొంచెంసేపు మోగనియ్" అని అడిగితే మంచి దుకాణదారుడు విసుక్కోడు, ఇంకో కుర్చీ లాగి వేస్తాడు.

స్పీకర్లకి సెన్సిటివిటీ అని ఒకటుంటుంది. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో ఆ అంకె చెబుతుంది. 84 ఉన్న స్పీకరు, 87 ఉన్న స్పీకరంత బిగ్గరగా పలకాలంటే దానికి రెట్టింపు వాట్లు పొయ్యాలి. కాబట్టి అంకె ఎక్కువున్న స్పీకరు ఎంచుకుంటే యాంప్లిఫయరు ఖర్చు కలిసొస్తుంది. మన ఇళ్ళల్లో మామూలుగా వినే శబ్దానికి ఒకటి రెండు వాట్లకంటే ఖర్చు కావు. తీగకి వేలు తగలెయ్యక్కర్లేదు, పదహారు గేజీ అచ్చమైన రాగితీగ చాలు. అల్యూమినియానికి రాగిపూత వేసి అమ్ముతున్నారు, కొస గీరితే లోపల తెల్లగా కనపడుతుంది.

తగిలించేటప్పుడు రెండింట్లో ఒకదానికి ఎరుపూ నలుపూ తారుమారైతే ఒక స్పీకరు ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, మద్దెల మోత మాయమైపోతుంది. గుర్తులు చెరిగిపోయిన పాత డబ్బా అయితే గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లు తీసుకుని, రెండు తీగలకీ ఒక్క క్షణం ఆనించాలి. చిటుక్కుమని శబ్దం వస్తుంది. వూఫరు అట్ట ముందుకి పొంగితే సెల్లు ప్లస్సు తగిలిన తీగే ఎరుపు, లోపలికి పోతే రెండోది. ఆ నల్లటి అట్ట వెంట్రుకవాసి కదలడం చూస్తుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

గదిని మరిచిపోకూడదు. నున్నటి టైల్సు, బోసి గోడలు, గాజు తలుపులు ఉన్న గదిలో చప్పట్లు కొడితే శబ్దం రేకులా మోగుతుంది. ఆ మోతలో డైలాగు ఏం తెలుస్తుంది? కిటికీకి దళసరి కర్టెను, నేల మీద జంపఖానా, పక్కగోడకి పుస్తకాల బీరువా, వెనక మంచం మీద బూరుగుదూది పరుపు. ఇవన్నీ ఇంట్లో ఉన్నవే, కాస్త జరపడమే.

ఇలా అమర్చుకున్నాక మొదట ఏం వినాలని అడుగుతారు. బాంబులు పేలే సినిమా వద్దు. 1957 నాటి మాయాబజార్ పెట్టండి. అది మోనో. ఎస్.వి. రంగారావు గర్జన, రేలంగి నంగితనం, ఘంటసాల, లీల గొంతులు, అన్నీ ఒకే దారిలో కలిసి వచ్చినవి. అయినా ఏ అక్షరమూ ఇంకో అక్షరం మీద పడదు. పింగళి రాసిన ప్రతి మాటా చెవిని చేరుతుంది. దాన్ని పలికించలేని స్పీకరు ఎన్ని వేల వాట్లదైనా నాకు అక్కర్లేదు.

మాట అంటే మా ఊరి మైకుసెట్టాయన గుర్తొస్తాడు. శ్రీరామనవమి పందిరికి రిక్షా మీద సామాను దింపేవాడు. అహూజా యాంప్లిఫయరు, కారు బ్యాటరీ, రెండు గొట్టాలు, రేకుడబ్బాలో మైకు. ఆ యాంప్లిఫయరు ముప్పై వాట్లు. అక్షరాలా ముప్పై, ఊరంతటికీ. గొట్టం ఒక్క వాటుకే నూరు డెసిబెల్స్ దాటి పలుకుతుంది, కాబట్టి అవే ఎక్కువ. ఆయన గొట్టాలు వేపచెట్టుకి కట్టి కిందికి దిగేవాడు కాదు. మమ్మల్ని చెరువుగట్టు దాకా పరిగెత్తించి, మైకులో ఇంకొకరిచేత కథ చదువుతున్నట్టు నాలుగు ముక్కలు చదివించి, చెట్టుమీదనుంచే కేకేసేవాడు: "మాట తెలుస్తోందంట్రా అబ్బాయిలూ?" మేం చేతులూపితే ఆగేవాడు. లేదంటే గొట్టాన్ని ఇంకో బెత్తెడు తిప్పేవాడు, గుడి గోడకి కొట్టుకోకుండా. తర్వాత దిగి, బేస్ మర బాగా తగ్గించి, హరికథ చెప్పే హరిదాసుగారు నిలబడే చోట మైకుని గొట్టాల వెనక్కి జరిపేవాడు, కూత పెట్టకుండా. కథ నడిచినంతసేపూ యాంప్లిఫయరు పక్కనే, మర మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. హరిదాసు గొంతు తగ్గిస్తే తిప్పేవాడు, చిడతలు హోరెత్తితే తగ్గించేవాడు. మంచం దిగలేని మా నాయనమ్మ వీధి చివర ఇంట్లో పడుకుని శబరి ఘట్టం అంతా వినేది. మర్నాడు పొద్దున్నే హరిదాసు ఎక్కడ ఒక పద్యం దాటేశాడో మా నాన్నతో వాదన పెట్టుకునేది. నాన్న పందిట్లో ముందు వరసలో కూర్చుని కూడా ఆ సంగతి గమనించేవాడు కాదు.

ఆయన తర్వాత ఆ సామాను ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు పందిరికి డీజే లారీ వస్తుంది. నిలువెత్తు డబ్బాలు, గుండె అదురుతుంది, కిటికీ అద్దాలు అదురుతాయి, పాట ఏమిటో మాత్రం తెలియదు. దేవుడి పేరైనా తెలియదు. నాయనమ్మలున్న ఇళ్ళు తలుపులు వేసుకుంటున్నాయి. పండగ ఎవరికోసం చేస్తున్నామో లారీ మాట్లాడేవాళ్ళు ఒక్కసారి ఆలోచించాలి.

దసరాకి బేరాలు మొదలవుతాయి, అట్టపెట్టెలు మళ్ళీ దుకాణాల ముందు వరసగా పేరుస్తారు. మీరు కొనేముందు సెట్టుని వెనక్కి తిప్పి ఆ చిన్న స్టిక్కరు చదవండి. ఆర్ఎంఎస్ ఎంతో దుకాణదారుణ్ణి అడగండి, జాలీ తీసి చూపించమనండి. చూపించనంటే డబ్బులు జేబులోనే పెట్టుకుని వచ్చేయండి. రెండు స్పీకర్లతో మొదలుపెట్టండి. మూడోది సంక్రాంతికి కొనుక్కోవచ్చు.