ఓటు వేయకపోయినా మన ప్రభుత్వమే

2024 జూన్‌లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల ఫలితాల్లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164 స్థానాలు, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 దక్కాయి. ఏలూరు తెలుగుదేశానికి, తాడేపల్లిగూడెం జనసేనకు వెళ్లాయి. అయితే ఓడిన పార్టీకీ రాష్ట్రంలో దాదాపు 39 శాతం ఓట్లు పడ్డాయి. ఆ ఓటర్లలో మన ప్రాంతం వాళ్లూ ఇక్కడే, మిగతావారితో పాటు ఇవే కాలువల కింద సాగు చేసుకుంటున్నారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు విఫలమైతే బాగుండునని వాళ్లు కోరుకుంటే నష్టపోయేది వాళ్ల చేను కూడా.

ఇక్కడి కొల్లేరు సరస్సునే చూడండి. ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా దాన్ని అభయారణ్యంగా 1999లో ప్రకటించింది తెలుగుదేశం ప్రభుత్వం. అందులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు 2006లో కొట్టించింది రాజశేఖరరెడ్డి నాయకత్వంలోని కాంగ్రెస్ ప్రభుత్వం. వెనక సుప్రీంకోర్టు ఆదేశం ఉన్నమాట నిజమే, ఉపాధి పోయినవాళ్ల గోడూ నిజమే. అయినా ప్రత్యర్థి తెచ్చిన ఉత్తర్వని పక్కన పడేసి ఉంటే సరస్సుకు ఆ మాత్రం ఊపిరి కూడా అందేది కాదు.

మరి ప్రభుత్వానికి మద్దతంటే నోరు మూసుకోవడమేనా? కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి కలిసేది కొల్లేరులోనే. అక్కణ్నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు. దాని పూడిక తీయించమని ఓడిన పక్షం సర్పంచ్ కూడా అధికార పక్షం ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాలి. పని మొదలైతే సహకరించాలి, సగంలో ఆగితే ఆ సర్పంచే ముందు నిలదీయాలి.