ఎడమ చెవి

సోమవారం తెల్లారి ఆమడగూరులో మా మిద్దె మీద నిద్ర లేచాను. ఎడమ చెవి నీళ్లు పోయినట్టు మూసుకుపోయి ఉంది. లోపల ఆగకుండా ఈల. ఫోను కుడి చెవికి పెడితే మాట వినపడింది. ఎడమ చెవికి మారిస్తే ఏమీ లేదు.

నేను డ్రమ్స్ వాయిస్తాను. మా బ్యాండులో నలుగురం. మిగతా ముగ్గురిదీ హిందూపురం, ధర్మవరం, కదిరి. ఉద్యోగాలకని బెంగళూరు చేరి, అక్కడ కలిశాం. 2018లో మొదలుపెట్టాం. అప్పటికే హైదరాబాదులో చౌరస్తా బ్యాండు వాళ్లు తెలుగులో సొంత పాటలు పాడుతున్నారు. బెంగళూరులో 2003లో మొదలైన అగం వాళ్లు ఎలక్ట్రిక్ గిటార్లతో త్యాగరాజ కీర్తనలు పాడుతున్నారు. వాళ్లను విన్నాక, మన మాట రాక్‌కు నప్పుతుందా అన్న అనుమానం మాకు పోయింది. నాకు మాత్రం ఇంకో ఆశ ఉండేది. మా అనంతపురం వైపు జాతరల్లో ఉరుములు వాయిస్తారు. మెడకు వేలాడే ఆ వాద్యం చర్మం మీద పుల్లతో రుద్దుతారు. మబ్బు గురగురలాడినట్టు కడుపులో మోగుతుంది. ఆ నాదం నా ఫ్లోర్ టామ్ మీద పలకాలని ఏళ్లు కూర్చున్నాను. 2020 లాక్‌డౌన్‌లో డ్రమ్స్ ఊరికి తెచ్చి, శెనక్కాయల సంచులు కప్పి దాచుకున్నాం. రెండేళ్లకు మళ్లీ వేదిక ఎక్కాం. చెవి పోయింది ఆ మరుసటి ఏడాది.

మొదటి రోజు గులిమి అనుకున్నాను. అమ్మ వెల్లుల్లి వేసి నూనె కాచి పోసింది. రెండో రోజు మందుల షాపులో చుక్కలు తెచ్చుకున్నాను. మూడో రోజు తల తిరిగి, గోడ పట్టుకుని నడిచాను. అయినా ఎవరికీ చెప్పలేదు. రెండు వారాల్లో ప్రోగ్రాం ఉంది. చెబితే నా స్థానంలో ఇంకొకరిని కూర్చోబెడతారని భయం. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ రాత్రి బేస్ గిటారు వాయించే హిందూపురం తమ్ముడు ఫోన్ చేశాడు. నేను ఒకే మాటను మూడుసార్లు "ఏంది?" అని అడిగాను. సిగ్నల్ లేదని అబద్ధం చెప్పాను. అతను కాసేపు ఊరుకుని, "నిజం చెప్పన్నా" అన్నాడు. ఏడ్చేశాను. తెల్లారేసరికి కారు అడిగి తెచ్చుకుని మా ఇంటి ముందున్నాడు.

నాలుగో రోజు, గురువారం. బాగేపల్లి మీదుగా బెంగళూరు. చెవుల డాక్టరమ్మ శృతిదండం మోగించి నా నుదుటి నడుమ ఆనించింది. శృతి చూసుకోవడానికి మేమూ అలాంటిది వాడతాం. నుదుటి మీద పెట్టిన నాదం రెండు చెవుల్లోనూ సమంగా వినపడాలి. నాకు మొత్తం కుడివైపుకే జారిపోయింది. ఆమె చెప్పకముందే అర్థమైంది, ఇది గులిమి కాదని.

లోపలి చెవి దెబ్బతింది అంది. ఉన్నట్టుండి, మూడు రోజుల లోపల ఇలా వినికిడి పడిపోతే అది అత్యవసరం. స్టిరాయిడ్లు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, రెండు వారాలు దాటితే ఆశ తగ్గుతుంది. నేను పోగొట్టుకున్న మూడు రోజుల గురించి ఆమె ఒక్క మాట అనలేదు. ఆ దయ నేను మరిచిపోను.

కారణం చాలామందిలో తెలియదట. పెద్ద శబ్దం వల్లే వచ్చిందని చెప్పలేనంది. కానీ 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు, పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగం తగ్గుతుంది, 100 దగ్గర పదిహేను నిమిషాలే అంది. మా రిహార్సల్ రెండు గంటలు. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు బ్యాగులోనే ఉండేవి. ఎప్పుడూ పెట్టుకోలేదు.

ఐదో రోజు ఎమ్మారై తీశారు, గడ్డ ఏమైనా ఉందేమోనని. ఆ గొట్టంలో చప్పుడంతా ఒకవైపే వినపడుతుంటే ఊపిరాడలేదు. చేతిలోని బజర్ నొక్కి బయటికి తీయించుకున్నాను. అక్కడున్న టెక్నీషియన్ విసుక్కోలేదు. రెండోసారి నా పాదం పట్టుకుని నిలబడ్డాడు. గడ్డ లేదు.

తర్వాతి రెండు వారాలు మాత్రలు. నిద్ర పట్టేది కాదు. ఈల రాత్రిపూట పెరిగేది. ముప్పై దాటిన నేను అమ్మను పక్కన పడుకోమన్నాను. రోడ్డు దాటాలంటే బండి ఎటునుంచి వస్తోందో తెలియదు. ధర్మవరం అన్న నా చెయ్యి పట్టుకుని దాటించేవాడు. కర్ణభేరి గుండా సూది కూడా వేశారు, వారం వారం, మూడుసార్లు. వేశాక అరగంట చెవి పైకి పెట్టి పడుకోవాలి, గుటక వేయకూడదు. మందు చల్లగా లోపలికి దిగడం తెలిసేది.

ప్రోగ్రాం రద్దు చేశారు. అడ్వాన్సు వెనక్కి ఇచ్చింది కదిరి పిల్లోడు, తన జీతంలోంచి. ఇంకొకరిని పెట్టుకోమని నేనే అడిగాను. అతను జవాబు చెప్పలేదు. మరుసటి ఆదివారం ముగ్గురూ రెండు గిటార్లతో నా గదికి వచ్చి, యాంప్ లేకుండా, నా కుడివైపు కూర్చున్నారు.

మూడు నెలల తర్వాత పరీక్షలో కింది స్థాయి శబ్దాలు చాలావరకు తిరిగొచ్చాయి. పై స్థాయివి రాలేదు. ఇక రావంది డాక్టరమ్మ. ఈల ఉంది. ఇప్పుడు ప్లగ్గులు లేకుండా కూర్చోను. సింబల్స్ కుడి చేతి వైపుకు మార్చుకున్నాను.

ఆ ఏడాది జాతరలో ఉరుములవాళ్ల పక్కన నిలబడి, కుడి చెవిని అరచేత్తో గట్టిగా మూసుకున్నాను. ఉరుము వినపడింది. పక్కనే మోగుతున్న తాళాలు వినపడలేదు.